శాలువా కప్పి పంపించేశాం

మా అన్నయ్య పెద్దపేగు క్యాన్సర్‌తో పోయాడు. పెర్త్ శివార్లలో, పియారా వాటర్స్‌లో, తను ముచ్చటపడి కట్టించుకున్న ఇంట్లో. ఇంత సూటిగా రాస్తే మావాళ్లకి నచ్చదు. వాళ్ల లెక్కలో అన్నయ్య "కడుపులో ఏదో ఇబ్బంది"తో పోయాడు. ఇబ్బందితో ఎవరైనా పోతారా? ఇబ్బంది అంటే పెళ్లిలో పక్క కుర్చీవాడు జీతమెంత అని అడగడం.

ఈ దేశంలో ఒక వయసు రాగానే ప్రభుత్వం ఇంటికి ఓ పెట్టె పంపుతుంది, ఉచితంగా. మన మలాన్ని మనమే పుల్లతో కాస్త తీసి, గొట్టంలో పెట్టి, పోస్టు చెయ్యాలి. కంటికి కనపడని రక్తం అందులో ఉంటే వాళ్లు చెబుతారు. తొందరగా పట్టుకుంటే చాలామంది బతికి బట్టకడతారు. అన్నయ్యకీ ఆ పెట్టె వచ్చింది. పోస్టు చేసేదాకా గొట్టాల్ని ఫ్రిజ్‌లో ఉంచమని చదివి, "దోసెల పిండి పక్కనా? ఛీ!" అన్నాడట. పెట్టె గరాజ్‌లోకి వెళ్లింది. ఆయన పోయాక వదినా నేనూ గరాజ్ సర్దుతుంటే మాంసం కాల్చుకునే బార్బెక్యూ పొయ్యి వెనకాల దొరికింది, సీలు కూడా తియ్యకుండా. ముందు నవ్వొచ్చింది. తర్వాత అక్కడే నేల మీద కూలబడి గట్టిగా ఏడ్చాను.

అప్పుడు పట్టుకుంది నాకీ పిచ్చి. పెట్టె పంపే ప్రభుత్వం, అది ఎందుకో మన భాషల్లో చెప్పే మనుషుల్ని కూడా పంపాలి. ఫ్రిజ్‌తో పనిలేని పరీక్ష కనిపెట్టేవాళ్లకి డబ్బివ్వాలి. బడ్జెట్ రాకముందే అడగాలి. పెర్త్‌కి దేశం అవతలి కొసన నేనుండే స్కోఫీల్డ్స్‌లో, మా ఎంపీకి ఈమెయిళ్లు రాశాను. మీ ఆసక్తికి ధన్యవాదాలు అని జవాబొచ్చింది. నాది ఆసక్తి కాదు, కోపం.

మా తెలుగు సంఘం ప్రెసిడెంట్ అంకుల్ విని నవ్వారు. "ఈమెయిల్స్ ఎవరు చదువుతారమ్మా? ఉగాది ఫంక్షన్‌కి చీఫ్ గెస్ట్‌గా పిలుద్దాం. స్టేజ్ మీద నీకు ఫైవ్ మినిట్స్ ఇస్తా, డైరెక్ట్‌గా అడిగెయ్." నేను నమ్మాను.

ఎంపీ చెప్పిన టైముకి వచ్చాడు. అదే ఆయన చేసిన పొరపాటు. స్కూలు హాల్లో అప్పటికి కుర్చీలు తప్ప ఎవరూ లేరు. జనం చేరాక, ఫైర్ అలారం మోగుతుందని బ్యాటరీ దీపంతో జ్యోతి ప్రజ్వలన చేయించారు. తర్వాత పంచాంగ శ్రవణం. నా రాశికి రాజపూజ్యం తక్కువ, అవమానం ఎక్కువ అన్నారు.

స్టేజ్ పక్కన అంకుల్ నా చెవిలో గొణిగారు. "మంచి రోజు కదమ్మా, ఆ జబ్బు పేరెత్తకుండా అడగలేవా? హెల్త్ అని జనరల్‌గా?"

"పేరెత్తకుండా ఏం అడగను అంకుల్? ఎండలు బాగా ఉన్నాయని చెప్పి దిగిపోనా?"

ఆయన ఎంపీకి దండ వెయ్యడానికి వెళ్లిపోయారు. దండ తర్వాత శాలువా. శాలువా తర్వాత జ్ఞాపిక. కమిటీతో ఫోటో, పాత కమిటీతో ఫోటో, స్పాన్సర్ చేసిన హోమ్ లోన్ల ఆయనతో ఫోటో. ఎంపీ మన సమాజానికి చేసిన సేవ గురించి అంకుల్ చాలాసేపు మాట్లాడారు. ఏ సేవో ఎంపీక్కూడా కొత్తగానే ఉన్నట్టుంది, శ్రద్ధగా విన్నాడు. ఇంకో ఫంక్షన్ ఉందని ఆయన లేచేసరికి వందన సమర్పణ అయిపోయింది. నా ఐదు నిమిషాలు ఫోటోల్లో కలిసిపోయాయి. పంచాంగం మీద నాకు గురి కుదిరింది ఆ రోజే.

ఏదో అడుగుదామని పిలిచిన మనిషికి, అది తప్ప అన్నీ చేసి పంపడం మావాళ్లకే చెల్లింది. చెయ్యని పనికే శాలువా దొరికాక ఎవడు మాత్రం పని చేస్తాడు?

కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని కార్ పార్క్‌కి పరిగెత్తాను. సాగనంపడానికి వచ్చిన ఆంటీలంతా అక్కడే ఉన్నారు. ఎంపీ కారుకి అడ్డం నిలబడి మొత్తం చెప్పాను: అన్నయ్య, పెట్టె, మలం, దోసెల పిండి, ఏమీ దాచలేదు. ఈ బడ్జెట్లో డబ్బు పెట్టించండి అని అడిగాను. ఆయన నవ్వు మానేశాడు. ఆరోగ్య మంత్రితో మాట్లాడతానన్నాడు. తన ఆఫీసు అమ్మాయి చేత ఫోన్‌లో రాయించాడు కూడా. నమ్మానని చెప్పను. బడ్జెట్ ఇంకా రాలేదు.

"పండగ పూట ఆ మాటలేంటే!" అంది ఓ ఆంటీ. అందరూ భోజనాలకి వెళ్లిపోయారు. అంకుల్ ఒక్కరే మిగిలారు, కారు తాళాలు తిప్పుకుంటూ. తిడతారనుకుని నేనూ సిద్ధమయ్యాను.

"అమ్మా," అన్నారు నేల చూస్తూ, "రక్తం పడితే అది పైల్సే కదా?"

"ఎన్నాళ్లనుంచి అంకుల్?"

"దీపావళి నుంచి. మీ ఆంటీకి తెలీదు. బాక్స్ కూడా వచ్చింది. గరాజ్‌లో ఉంది."

జబ్బు పేరెత్తొద్దని ఎందుకన్నారో అప్పుడర్థమైంది. కోపం రాలేదు. భయమేసింది, అన్నయ్య కోసం నేను పడలేకపోయిన భయమంతా. "రక్తం కనిపించాక ఇంక బాక్స్‌తో పని లేదు, డాక్టరే చూడాలి. సోమవారం పొద్దున్నే నేనొచ్చి తీసుకెళ్తా. ఆంటీకి మీరే చెప్పాలి," అన్నాను.

సోమవారం వాళ్లింటి ముందు కారు ఆపాను. ఆంటీ కళ్లు వాచి ఉన్నాయి, గుమ్మంలోంచి చెయ్యి ఊపింది. అంకుల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి నా పక్కన కూర్చున్నారు, సీలు తియ్యని పెట్టె ఒళ్లో పెట్టుకుని.

"అది అక్కర్లేదన్నాను కదా అంకుల్."

"తెలుసమ్మా," అన్నారాయన. "గరాజ్‌లో వదిలి రాబుద్ధి కాలేదు."