సంఘం బియ్యం

ఉప్పు సత్యాగ్రహం సద్దుమణిగిన రోజులు. తాడేపల్లిగూడెం స్టేషన్లో నా పక్కన కూర్చున్న పెద్దావిడ కళ్ళు తిరిగి ఒరిగిపోయింది. నీళ్ళు తాగించాను. నిన్నటినుంచి ఏమీ తినలేదట. ఒళ్ళో చూస్తే బియ్యం మూట!

"ఇవి వండుకోవచ్చు కదమ్మా?"

"సంఘానివండీ. ఎసట్లో పోసేముందు పిడికెడు తీసి పక్కన పెడతామండీ. ఆదివారం ప్రార్థనప్పుడు అందరివీ ఏసయ్య గుళ్ళో ఒకచోట పోసి, పొయ్యి వెలగని ఇంటికి ఇస్తారండీ."

కొల్లేరు పొంగి వాళ్ళ పేట మునిగిపోయిందట. గుడి కూలింది, జనం తలోదిక్కూ పోయారు.

"ఇప్పుడు పొయ్యి వెలగనిది మీ ఇంట్లోనేగా?" లా పాయింటు లాగాను.

"నిజమేనండీ. కానీ నాకు నేనే ఇచ్చుకుంటే అది సంఘం ఎలా అవుతుందండీ? దేవుణ్ణి ఒక్కదాన్నే నమ్ముకోగలను. ఇది మాత్రం సంఘంలో ఇంకొకరి చేత్తో అందాలండీ."

మూట విప్పి, పిడికెడు తీసి చెయ్యి చాచాను. ఆవిడ దోసిలి పట్టింది. అంతలో ఆగి నా మొహంలోకి చూసింది.

"మీరు విశ్వాసులేనాండీ?"

నాది ప్లీడరీ, అబద్ధం నాలుక చివరే ఉంది. ఆ దోసిలి చూస్తూ ఆడలేకపోయాను.

"కాదమ్మా."

ఆవిడ చేతులు దించేసుకుంది. గింజ కింద పడకుండా బియ్యం మళ్ళీ మూటలోనే పోశాను.