అభ్యంతరం లేదట

ఆ ఆసుపత్రిలో అందరూ ఆమెను లాండ్రీ అక్క అనేవారు. వార్డుల నుంచి మూటలుగా వచ్చే దుప్పట్లు విప్పించి, నెత్తురు అంటినవి ఒక పక్కకు, మిగతా పాడైనవి మరో పక్కకు వేయించి, చన్నీళ్ళలో నానబెట్టించాకే యంత్రంలో పడనిచ్చేది. కొత్తగా చేరిన అమ్మాయిలు ముక్కు మూసుకుని బయటికి పరుగెత్తితే కోప్పడేది కాదు. "జబ్బు చేసినవాళ్ళ మురికే కదమ్మా, కావాలని చేసింది కాదుగా" అని తనే ముందు చెయ్యి పెట్టేది.

పెళ్ళి చెడిపోయిన ఏడాది ఆ పనిలో చేరింది. కట్టుకున్నవాడు కొట్టేవాడు కాదు. బయటికి వెళ్తూ తలుపుకు గొళ్ళెం పెట్టి పోయేవాడు, అంతే. ఒకరోజు తమ్ముడు వచ్చి ఆ గొళ్ళెం తీసి, ఆమె పెట్టె భుజాన పెట్టుకుని, అక్కను ఇంటికి తీసుకొచ్చాడు. తర్వాత కోర్టులో విడాకులు వచ్చాయి. అప్పటి నుంచి తమ్ముడింటి మేడమీద ఒక గదిలో ఉంటోంది.

యాభై దాటాక ఆమెకు ఒక కోరిక పుట్టింది. కొండల మధ్య నుంచి పొద్దున్న బయల్దేరి సాయంత్రానికి చేరే రైలొకటి ఏదో దూరదేశంలో ఉందని టీవీలో చూసింది. ఆ రైల్లో రోజంతా కిటికీ పక్కన ఊరికే కూర్చోవాలి. ఎవరి పిలుపూ వినపడకూడదు. ఇంట్లో చెబితే మరదలు మురిసిపోయింది. తమ్ముడేమో, వీసా సంగతి నాకొదిలెయ్ అక్కా, నీకెందుకు తలనొప్పి అన్నాడు.

ఆ తలనొప్పి మాత్రం ఆమెకే మిగిలింది. దరఖాస్తంతా ఆన్‌లైన్‌లోనే. వీధి చివర నెట్ సెంటర్లో మీటల సందుల్లో చిరుతిండి పొట్టు ఇరుక్కున్న కంప్యూటర్ ముందు సాయంత్రాలు కూర్చుంది. మొదటి ఫొటోలో చెవులు కనిపించలేదని వెనక్కి కొట్టింది. రెండోదాంట్లో నీడ పడిందట. మూడోదాంట్లో నవ్విందట. సెంటర్ యజమాని ప్రశ్నలు చదివి వినిపిస్తుంటే ఆమెకు ఒళ్ళు మండింది. ఎప్పుడైనా బాంబులు పెట్టారా? మనుషుల్ని అమ్మారా? అవునని రాసేవాడు ఎవడుంటాడని అడిగితే, అతను తల ఎత్తకుండానే, అన్నిటికీ కాదనే కొడుతున్నాను లెండి అన్నాడు.

చివరికి ఒక ప్రశ్న దగ్గర అతని వేలు ఆగింది. తిరిగి రావడానికి సొంత దేశంలో ఏముందని అడిగారు. ఆమె ఉద్యోగం అంది. అతను పెదవి విరిచి, ఆ రోజు తోడొచ్చిన తమ్ముడి వైపు చూశాడు. ఒంటరి ఆడమనిషి, పిల్లల్లేరు, ఇలా పెడితే ఖాయంగా తిప్పికొడతారన్నాడు. తమ్ముడు ఆమెను ఇంటికి పంపించి, నేను చూసుకుంటాలే అన్నాడు.

తర్వాతి వారం ఆమె యంత్రం దగ్గర ఉండగా ఫోన్ మోగింది. తెలియని నంబరు. గొంతు మాత్రం తెలిసిందే, ఒకప్పటి మొగుడిది. ఇన్నేళ్ళయినా అదే నిదానం.

"వెళ్ళిరా. నాకేం అభ్యంతరం లేదని రాసిచ్చాను. ఒంటరిగా తిరిగేటప్పుడు కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకో" అన్నాడు.

ఆమె ఫోన్ పెట్టేసి, ఎన్ని మూటలు విప్పినా ఎప్పుడూ లేనిది, కాలవ దగ్గరికి వెళ్ళి కక్కింది.

సాయంత్రం తమ్ముడు దాచలేదు. పైగా కొంత గర్వంగానే చెప్పాడు. దరఖాస్తులో వివాహిత అని పెట్టించాడు. ఊరు వెతుక్కుంటూ పోయి ఆ మనిషిని పట్టుకున్నాడు. భార్య విహారయాత్రకు వెళ్ళడం తనకు సమ్మతమేనని కాగితం రాయించాడు. ఆయన మర్యాదగా కూర్చోబెట్టి కాఫీ కూడా ఇచ్చాడట.

"గొళ్ళెం తీసింది నువ్వే కదరా. వాడింట్లో కాఫీ ఎట్లా దిగింది నీ గొంతులో?" అంది ఆమె.

"ఉత్త కాగితమే కదక్కా. నీ కోసమేగా చేసింది. లోకం అట్లా ఉంది మరి. వెనక్కి రావడానికి నీకంటూ ఇక్కడ ఎవరున్నారని చూపించను?"

ఆ మాట అనేశాక వాడికీ తెలిసింది, ఏమన్నాడో. కానీ సర్దుకోలేదు. మరదలు వంటగది గుమ్మంలో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆమె మేడమీదికి వెళ్ళిపోయింది. రెండు రోజులు కింద అన్నం తినలేదు.

మూడో రోజు డ్యూటీ దిగి నేరుగా సెంటర్‌కు వెళ్ళింది. దరఖాస్తు ఇంకా పంపలేదు. భర్త పేరు గడిలో ఆ పేరు నల్లగా, దిట్టంగా కూర్చుని ఉంది. కొట్టేయమంది. ఆ కాగితాన్నీ తీసేయించింది. విడాకులు అని పెట్టించి, పిల్లలు లేరు, ఎదురుచూసేవాళ్ళు లేరు, చూడటానికే వెళ్తున్నాను అని రాయించింది. ఇది తిరిగొస్తుందండీ అని అతను మొత్తుకున్నాడు.

"రానివ్వండి. నా పేరు మీద అబద్ధం పోకుండా ఉంటే చాలు."

తిరిగే వచ్చింది. మీరు వెనక్కి వెళ్తారన్న నమ్మకం మాకు కలగలేదని రెండు ముక్కల జవాబు. నేను ముందే చెప్పాను కదా అన్నట్టు తమ్ముడి భుజాలు ఎగిరాయి. ముఖం తెలియని ఆ అధికారి మీద కన్నా, ఆ భుజాల మీదే ఆమెకు ఎక్కువ రోత పుట్టింది. నెల తిరక్కుండా ఆసుపత్రి వెనక వీధిలో ఒక గది అద్దెకు తీసుకుంది. పెట్టె తనే మోసుకుంది. మెట్ల మీద తమ్ముడు చెయ్యి అందించబోతే పక్కకు తప్పుకుంది.

మరో దేశానికి ఈసారి దరఖాస్తు తన ఫోన్‌లోనే, లాండ్రీలో పని చేసే అమ్మాయిని పక్కన పెట్టుకుని, భోజనాల వేళ నింపుకుంది. వాళ్ళు మొగుడి సంగతి అడగలేదు. వారంలో వీసా వచ్చింది. అక్కడి రైలు చిన్నది, కొండలూ అంతంతమాత్రమే. పైగా రోజంతా వాన. కిటికీ అద్దం మసకబారితే చేత్తో తుడుచుకుంటూ చూసింది. ఎదుటి సీట్లో ముసలాయన ఒకటే దగ్గు. అయినా ఎవరూ ఆమెను లేవమనలేదు.

చెప్పిన రోజుకే తిరిగొచ్చింది. తమ్ముడు గది దగ్గరికి వచ్చి ఎలా జరిగిందక్కా అని అడిగాడు. బాగా జరిగిందంది. ఇంకేమైనా చెబుతుందేమోనని కాసేపు నిలబడి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు మరదలు ఒక్కతే వచ్చి, వదినా, మొదటి నుంచి చెప్పు అని చాప మీద కూర్చుంది. ఆమె రైలు సంగతంతా, దగ్గిన ముసలాయనతో సహా, తీరిగ్గా చెప్పింది. మధ్యలో మరదలు, మీ తమ్ముడికి నిద్ర పట్టడం లేదు వదినా అంది. ఆమె విననట్టే వాన సంగతిలోకి వెళ్ళిపోయింది.