కడ్డీ మీద మడి చీర

మా అత్త బాత్రూములో మొదటిసారి జారినప్పుడు ఏ ఎముకా విరగలేదు. అందుకు స్వామికి ఎన్ని దణ్ణాలు పెట్టుకున్నానో. కానీ ఆ రోజు నుంచి లోపల నీళ్ల చప్పుడు ఆగితే చాలు, తలుపు దగ్గరికి ఉరికేదాన్ని.

ఆమెకు మతిమరుపు జబ్బు వచ్చి రెండేళ్లయింది. నా పేరు మరిచిపోయింది, అన్నం తిన్న సంగతి మరిచిపోతుంది. మడి మాత్రం మరిచిపోలేదు. స్నానం చేసి పూజ ముగించేదాకా ఆమెను ఎవరూ తాకకూడదు. పట్టుకోబోతే "ముట్టుకోవద్దు" అని గబుక్కున వెనక్కి జరిగేది. ఆ జరగడంలోనే పడుతుందేమోనని నా భయం.

జారని చాప, పట్టుకునే కడ్డీ మా ఎమ్మిగనూరులో మంచివి దొరకలేదని ఆదోనికి బస్సెక్కినాను. హార్డ్‌వేరు అంగడిలో గడ్డం నెరిసిన సాయిబు ఉన్నాడు.

"ఎవరికమ్మా?"

"మా అత్తకు."

"అత్త కోసం కోడలు బస్సెక్కి వచ్చిందా? మా ఇంట్లోవాళ్లకు చెప్పాల ఈ మాట" అని నవ్వినాడు. రబ్బరు చాప మీద నీళ్లు చల్లి, చెప్పులు విడిచి తొక్కి చూడమన్నాడు. జారలేదు. ఆ చాప, కాళ్లకు రబ్బరు తొడుగులున్న స్టూలు, గోడకు బిగించే స్టీలు కడ్డీ తీసుకున్నాను.

మేస్త్రీ కడ్డీని నడుమెత్తున అడ్డంగా బిగించినాడు. లోపలి గడియ కూడా తీయించినాను. మొదటి రోజు అత్త స్నానం చేసి, తడి చీర పిండి, చక్కగా కడ్డీ మీద ఆరేసింది. రేపటికి కట్టుకునే మడి చీర అది.

మరుసటి రోజు తలుపు సందులోంచి చూస్తాను కదా, రెండు చేతులూ గుండెలకు అదుముకుని, కడ్డీకి తగలకుండా అవతలి గోడ వెంబడి ఒదిగి పోతాంది. ఆ పక్క చాప కూడా లేదు.

"అత్తా, కడ్డీ పట్టుకోండి."

"మడి చీర ఉంది ఆడ. స్నానం కాకుండా ఎట్ల ముట్టుకునేది? నీకెవరూ నేర్పలేదా?"

మూడు రోజులు ఇదే వరస. ఆమె పడకుండా ఉండాలని తెచ్చిన కడ్డీయే ఆమెను జారే పక్కకు తోసింది. నాలుగో రోజు కాలు జారి, గోడను గీరుకుంటా నిలదొక్కుకుంది. నేను మళ్లీ ఆదోనికి పోయినాను.

జరిగిందంతా చెప్తే సాయిబు ఈసారి నవ్వలేదు. "మా నాయన కూడా నమాజుకు ముందర కాళ్లు కడుక్కుంటానే పడినాడమ్మా" అన్నాడు. అంగట్లోని కడ్డీ ఒకటి నిలబెట్టి చూపించి, "నిలువుగా బిగించు. నిలువు కడ్డీ మీద చీర యాడ నిలుస్తాది?" అన్నాడు. ఆయన చల్లగా ఉండాల.

నిలువు కడ్డీని అత్త గట్టిగా పట్టుకుంది. పట్టుకునే లోపలికి పోయింది, పట్టుకునే బయటికి వచ్చింది. రెండో చేతిలో తడి చీర. ఆరేసేందుకు అటూ ఇటూ చూసింది. తలుపు దగ్గర నేనున్నాను. ఆ చీర తెచ్చి నా భుజం మీద వేసి, ముడతలు పోయేటట్టు చేత్తో సర్దింది.

పెళ్లయి వచ్చిన ఇన్నేళ్లలో స్నానం చేసిన చేత్తో, పూజ కాకముందు, ఆమె నన్ను తాకలేదు. మళ్లీ స్నానానికి పోతుందేమోనని చూసినాను. పోలేదు. నేరుగా దేవుడి ముందర కూర్చుంది. చీరలోని నీళ్లు నా వీపు మీద కారుతుంటే కదలకుండా నిలబడినాను.

మరుసటి రోజు లోపలికి పోయి, స్టూలు మీద కూర్చోబెట్టి, నేనే నీళ్లు పోసినాను. స్వామి దయ, ఆమె చెయ్యి కడ్డీని వదల్లేదు. ముట్టుకోవద్దని ఒక్కసారైనా అంటుందేమోనని ఆమె ముఖమే చూస్తా పోసినాను.

అనలేదు.