తోడల్లుడి కాంప్లెక్సుకు ఎర్ర నోటీసు

అమలాపురం మున్సిపాలిటీలో నేను బిల్ కలెక్టర్ని. ఆస్తి పన్ను బకాయిలు వసూలు చేయడం నా పని. నా వార్డులో ఉన్న మొండి బకాయిదారుల్లో ఒకడు నా తోడల్లుడు, అంటే మా ఆవిడ చెల్లెలి భర్త. బస్టాండు రోడ్డులో అతనికి రెండంతస్తుల కాంప్లెక్సు ఉంది. కింద నాలుగు షాపులు, పైన ఒక కోచింగ్ సెంటరు. దాని ముందు నుంచి నేను రోజుకు రెండుసార్లు వెళ్లాలి. వెళ్లిన ప్రతిసారీ కళ్లలో నిప్పులు పోసుకున్నాను. ఇప్పుడు దాచుకోవడం దేనికి?

ఆ మంటకు కారణం ఎవరో కాదు, నేనే. మా మామగారు టీచరు. రిటైరయ్యాక కూతుళ్లిద్దరికీ ఆస్తి పంచుతూ, పెద్దల్లుణ్ని గనక ముందు నన్నే కోరుకోమన్నారు. ఒకటి రాజోలు దగ్గర ఎకరం కొబ్బరి తోట. రెండోది అమలాపురం చివర, తూటికాడ మొలిచి మోకాలి లోతు నీళ్లు నిలిచే ఖాళీ స్థలం. మా తాత దింపు కూలి. బతికినన్నాళ్లూ ఇతరుల చెట్లెక్కి కాయలు దింపాడు గానీ, ఒక్క చెట్టూ తనది కాకుండానే పోయాడు. తోట అన్న మాట చెవిన పడ్డాక నేనింకేమీ వినలేదు. తోటే ఇవ్వండి అన్నాను. తోడల్లుడు నవ్వి, మిగిలింది తీసుకున్నాడు.

తర్వాత ఆ స్థలం ముందుకు రోడ్డు వచ్చింది. ఆ వెనకే బస్టాండు వచ్చింది. నా తోటకు మాత్రం తెల్లదోమ వచ్చింది. కాయలమ్మిన డబ్బు దింపు కూలికే సరిపోని ఏడాదులు కూడా చూశాను.

ఆదివారం ప్రార్థన అయ్యాక అందరం అత్తగారింట్లో భోంచేస్తాం. చేపల పులుసులో తలకాయ ఒకప్పుడు నాకు పడేది. అతని షట్టర్లు లేచాక అది అతని కంచంలోకి మారింది. అత్తగారు కావాలని చేశారని అనను. కానీ నాకు ఆ పూట ముద్ద దిగేది కాదు.

అలాంటప్పుడల్లా ఒక్కటే చెప్పుకుని సరిపెట్టుకునేవాణ్ని. అతనికి కాంప్లెక్సు ఉంది, నాకు మచ్చలేని పేరుంది. ఏప్రిల్ రాగానే ఇంటి పన్ను ఏడాదిదంతా ఒకేసారి కట్టి, ముందు కట్టినవాళ్లకిచ్చే రాయితీ తీసుకుంటాను. అతను మూడేళ్లుగా పైసా కట్టలేదు. ఎప్పుడో ఒకప్పుడు ప్రభుత్వం వడ్డీ మాఫీ చేస్తుంది, అప్పుడు చూద్దామని కూర్చున్నాడు. అలా కూర్చునేవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు.

మొన్న మార్చిలో పైనుంచి గట్టి ఆదేశం వచ్చింది. బకాయిలున్న షాపుల ముందు డప్పులు కొట్టించి నోటీసు అంటించాలి. అక్కడికక్కడ కట్టకపోతే సీలు వేయాలి. ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలో జాబితా రాసింది నేనే. అతనికన్నా పెద్ద బకాయిలు రెండున్నాయి. అయినా అతని పేరే మొదట రాశాను. రాస్తుంటే ప్రాణానికి ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఇంట్లో మాత్రం నోరు విప్పలేదు.

సరిగ్గా షాపులు తెరిచే వేళకు వెళ్లాం. మా రెవెన్యూ ఆఫీసరు, నేను, డప్పులవాళ్లు ఇద్దరు. ఎర్ర నోటీసు నా చేత్తోనే షట్టరుకు అంటించాను. జనం పోగయ్యారు. పైనుంచి కోచింగ్ పిల్లలు తొంగిచూశారు. ఇంతలో అతను స్కూటరు మీద వచ్చాడు. ఆ ముఖం వాడిపోతే చూడాలని ఎన్నేళ్లుగానో ఎదురుచూశాను.

వాడిపోలేదు. అందరికీ నమస్కారం పెట్టి, కుర్చీలు వేయించి, కొబ్బరి బొండాలు తెప్పించాడు. డప్పులవాళ్లను కూడా నీడలో కూర్చోబెట్టి వాళ్లకూ ఇచ్చాడు. వడ్డీ ఏమైనా తగ్గుతుందా అని ఒక్కసారి అడిగాడు. తగ్గదనగానే స్కూటరు డిక్కీలోంచి చెక్కుబుక్కు తీసి మొత్తం రాసేశాడు. నేను తెచ్చిన సీలు లక్క సంచిలోనే ఉండిపోయింది.

అప్పుడు ఆఫీసరు నా వైపు తిరిగారు. మీ బంధువటగా, మూడేళ్లు ఎలా వదిలేశారని అందరి ముందూ అడిగారు. జవాబు అతనిచ్చాడు.

"అన్నయ్య గారి తప్పేం లేదండి. ఆయన ఎన్నిసార్లో చెప్పేరు, నేనే బద్ధకించేను. పన్ను విషయంలో ఆయన్ని వేలెత్తి చూపించలేమండి."

ఆ చివరి మాట అంటూ నా వైపు చూడలేదు. చూడకపోయేసరికి నాకు అర్థమైంది.

మా ఇంటి వీధి గదిలో ఆరేళ్లుగా టైలరు షాపు నడుస్తోంది. తన కాంప్లెక్సులో ఖాళీ లేక ఆ టైలర్ని మా ఇంటికి పంపింది అతనే. గదిలో షాపు పెడితే షాపు లెక్కన ఎక్కువ పన్ను పడుతుంది. మా రికార్డులో అది ఇప్పటికీ కాపురముండే గదే. మార్చాల్సింది ఆ వార్డు బిల్ కలెక్టరు, అంటే నేను. ఒక్క గదే కదా అని మొదటి ఏడాది వదిలేశాను. తర్వాత తర్వాత ఆ సంగతే గుర్తు లేనట్టు బతికాను. ఆ తక్కువ పన్ను మీదే ఏటా రాయితీ కూడా తీసుకున్నాను. ఆఫీసరు ముందు అతను ఒక్క మాట అంటే నా ఉద్యోగం ఏమయ్యేదో! అనలేదు. సిగ్గుపడాల్సిన చోట నాకు మళ్లీ కుళ్లే పుట్టింది. అంత పెద్దరికం కూడా అతనికే రావాలా అనిపించింది.

సాయంత్రం ఇంటికొచ్చి, వీధి గదికి పన్ను పెంచుతున్నట్టు మా ఇంటికి నేనే నోటీసు రాశాను. ఇల్లు మా ఆవిడ పేరున ఉంది. అందినట్టు సంతకం ఆమె పెట్టాలి. చదివి వెంటనే పెట్టేసింది. ఎందుకని అడగవేం అన్నాను.

"మరిది గారు ఆ టైలర్ని పంపిన రోజే నాతో చెప్పేరండి. గదికి పన్ను మార్పించుకోండి వదిన గారూ, నేను చెప్తే అన్నయ్య గారు చిన్నబోతారు అన్నారు."

మరి ఆరేళ్లుగా నాకెందుకు చెప్పలేదన్నాను.

"ఆయన చెప్పేరని తెలిస్తే మీరు అసలు మార్చరని ఊరుకున్నానండి."

ఆమె అన్నది నిజం. మార్చేవాణ్ని కాదు.