కొండకు తగిన తుపాకీ

మా ఆవిడ నెలకోసారి కుట్టుమిషను తల వెనక్కి వాల్చి, సన్నటి మూతి ఉన్న డబ్బాతో లోపల నూనె చుక్కలు వేస్తుంది. నిన్న మధ్యాహ్నం కూడా వేసింది. నేను పక్క గదిలో ఆదివారం చెప్పాల్సిన వాక్యానికి సిద్ధపడుతున్నాను. ఆ పల్చటి నూనె వాసన తలుపు దాటి వచ్చేసరికి నా చదువు ఆగిపోయింది. ఒంగోలులో మా ఇల్లు, బయట ఆటోల మోత వెనక్కి జరిగి, దోహాలో అల్ ముంతజాలోని ఒక పెద్ద ఇంటి వెనక గది కళ్ల ముందుకు వచ్చింది. పొడవాటి బల్ల, దాని మీద తెల్ల దుప్పటి ముక్క, దుప్పటి మీద విడదీసిన రైఫిల్, దాని ముందు కళ్లజోడు ముక్కు చివరికి జారిన హవల్దారు సింహాచలం గారు. నన్ను మనిషిని చేసినవాళ్లలో మా నాన్న మొదటివాడు, మా సంఘకాపరి రెండోవాడు. మూడోవాడు ఈయన. ఆయన ఒక్కనాడూ మా ప్రార్థనకు వచ్చినవాడు కాదు.

తొంభైల్లో నేను ఆ ఇంట్లో డ్రైవరుగా చేరాను. మమ్మల్ని పిలిపించుకున్న యజమానిని అక్కడ కఫీల్ అంటారు. ఇంట్లో పనిచేసేవాళ్లందరం ఆయన్ని బాబా అని పిలిచేవాళ్లం. అరవై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పి ఉన్నా వేట మానలేదు. ఆయన తుపాకులన్నీ సింహాచలం గారి చేతి కింద ఉండేవి. సింహాచలం గారిది విజయనగరం వైపు పల్లె. సైన్యంలో పాతికేళ్లు తుపాకులు బాగుచేసే పని చేసి, పింఛను పుచ్చుకుని వచ్చారు. ఆ గదిలో ఆయన తప్ప ఎవరూ ఏ వస్తువునూ ముట్టుకోకూడదన్నది ఇంటి నియమం.

నేను చేరిన వారంలోనే ఆయన నన్ను పట్టుకున్నారు. బాబా కోసం కారులో ఎదురుచూస్తూ వాక్యం చదువుకుంటున్నాను. కిటికీలోంచి తల దూర్చారు.

"ఏటి సదువుతున్నావు?"

"వాక్యమండి."

"అయితే నువ్వు డ్రైవరువి కాదు, పాస్టరువి. ఎవులైనా అడ్డమొత్తే హారను కొడతావేటి, ఆమెన్ అంటావేటి?"

ఆ రోజు నుంచి నా పేరు శామ్యేలు కాదు, పాస్టరు. నేను కూడా ఆ పేరును కాస్త ఇష్టంగానే మోశానని ఇప్పుడు ఒప్పుకోవాలి. అప్పట్లో దోహాలో మాకు మందిరం లేదు. శుక్రవారం సెలవు కాబట్టి మా ఆదివారం కూడా శుక్రవారమే. ఒక విశ్వాసి ఇంట్లో ముప్పై నలభై మంది తెలుగువాళ్లం చేరి, గొంతులు తగ్గించి పాడుకునేవాళ్లం. వంతుల వారీగా వాక్యం చెప్పేవాళ్లం. నేను బాగా చెబుతానని పేరు.

రెండో ఏడు బాబాకు ఒక కోరిక పుట్టింది. మధ్య ఆసియాలో మంచుకొండల మీద తిరిగే పెద్ద కొమ్ముల కొండమేకను వేటాడాలి. ఇంట్లో ఉన్న రైఫిళ్లు ఎడారిలో జీపు దిగి పేల్చడానికి బాగుంటాయి గానీ, కొండమీదికి మోయడానికి పనికిరావు. ఒక్కో గుండుకూ చేత్తో బోల్టు వెనక్కి లాగి ముందుకు తోసే రకం, తేలికైనది, దూరానికి కొట్టేది కావాలన్నారు. ఒక వ్యాపారి కాగితాలన్నీ సరిచూసుకుని మూడు రైఫిళ్లు ఇంటికి తెచ్చాడు. మూడింట్లో తేలికైన దాన్ని రెండు వేళ్ల మీద నిలబెట్టి చూపించి, "ఈక, బాబా, ఈక!" అన్నాడు. బాబా కళ్లు మెరిశాయి.

సింహాచలం గారు మూడింటినీ ఒకటికి రెండుసార్లు తెరిచి, లోపల గుండు లేదని చిటికెన వేలు పెట్టి తడిమి చూశారు. తర్వాత బాబాతో తనకు వచ్చిన హిందీలో, "పేల్చడం తర్వాత. ముందు మేడ ఎక్కండి," అన్నారు. ఒక్కొక్క రైఫిలూ భుజాన వేసుకుని, ఆగకుండా మూడు అంతస్తులు ఎక్కి, డాబా మీద బోర్లా పడుకుని, రైఫిల్‌ను బియ్యం బస్తా మీద ఆనించి, నీళ్ల ట్యాంకు మీద సుద్దతో గీసిన సున్నాకు గురిపెట్టాలి. బ్యారెల్ మీద యాభై దిర్హాముల బిళ్ల, అంటే అక్కడి అర్ధ రియాలు నాణెం, ఒకటి పెడతారు. ఉత్త తుపాకీ ట్రిగ్గర్ నొక్కినప్పుడు ఆ బిళ్ల పడకూడదు. బాబాకు రైఫిల్, నాకు బియ్యం బస్తా. నేను బస్తా దించి ఊపిరి పీల్చుకుంటుంటే, "పాస్టరూ, నీకంటే బాబానే నయం," అని నవ్వారు సింహాచలం గారు.

తేలికదానితో బాబా చకచకా ఎక్కారు. కానీ బిళ్ల నిలవలేదు. మూడుసార్లూ పడింది. అన్నిటికన్నా బరువైనదానితో మెట్ల మీద రెండుచోట్ల కూర్చున్నారు. బిళ్ల మాత్రం కదల్లేదు. మధ్యదానితో ఒక్కచోట గోడకు ఆనుకుని, పైకి వచ్చి, మూడుసార్లలో రెండుసార్లు బిళ్ల నిలబెట్టారు. వ్యాపారి ముఖం మాడిపోయింది. సింహాచలం గారు నా వైపు తిరిగి తెలుగులో అన్నారు: "తేలిక తుపాకీ కొండెక్కీవరకే మంచిది. ఎక్కీసినాక గుండె దడదడా కొట్టుకుంటాది సూడు, అప్పుడు తుపాకీకి కాసింత బరువుండాల. నేకపోతే మన గుండెతోపాటు అదీ ఎగురుద్ది."

బాబా మధ్యదాన్నే ఉంచుకున్నారు.

తర్వాత నెల రోజులు గురువారం సాయంత్రాలు దోహా బయట, బిర్కత్ అల్ అవామిర్ అవతల బాబాకున్న ఒంటెల దొడ్డికి వెళ్లేవాళ్లం. దొడ్డి వెనక ఇసుక దిబ్బకు ముందు, వంటింట్లోంచి తెచ్చిన స్టీలు పళ్లెం ఒకటి కర్రకు కట్టేవాళ్లం. నూరు గజాల దగ్గర మొదలుపెట్టి, ఐదు గుండ్లూ పళ్లానికి తగిలితే పళ్లెం ఇంకాస్త వెనక్కి. రెండు గుండ్లు పేల్చగానే ఆ సన్నటి బ్యారెల్ వేడెక్కేది. సింహాచలం గారు దాన్ని నీడలో పడుకోబెట్టి, టీ తాగి, మళ్లీ ఇచ్చేవారు. "యేటలో మొదటి గుండే గుండు. సల్లటి బ్యారెల్లోంచి వొచ్చింది ఎక్కడ పడతాదో తెలిస్తే సాలు" అనేవారు. మూడు వందల గజాల దగ్గర ఐదూ తగిలాయి. మూడు వందల యాభై దగ్గర రెండు తప్పాయి.

"ఇక్కడే మీ హద్దు, బాబా," అన్నారాయన.

బాబాకు కోపం వచ్చింది. "దీని పుస్తకంలో ఇంతకు రెట్టింపు దూరం రాసి ఉంది."

"పుస్తకం తుపాకీది, బాబా. హద్దు మనిషిది. తప్పిన ఆ రెండు గుండ్లూ పొట్టకో కాలికో తగిలితే, అది మూడు రోజులు కొండల్లో ఈడ్చుకుంటూ చస్తుంది."

జీతం ఇచ్చే మనిషి ముఖం మీద అంత మెల్లగా, అంత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. మూగజీవి ప్రాణాన్ని కూడా నీతిమంతుడు పట్టించుకుంటాడని నేను ఎన్నిసార్లో చెప్పి ఉంటాను. దాన్ని గజాలతో కొలిచి చూపించిన మనిషి ఈయనే.

ప్రయాణానికి వారం ముందు గురువారం నాడు నేను తప్పు చేశాను. రైఫిల్ పెట్టె కారులో పెట్టడానికి వెనక గదికి వెళ్లాను. సింహాచలం గారు గుండ్లు తేవడానికి బాబా దగ్గరికి వెళ్లినట్టున్నారు. రైఫిల్ దుప్పటి మీద బోర్లా ఉంది. చెక్క అడుగున రెండు పెద్ద స్క్రూలు కనిపించాయి. నేను డ్రైవర్ని. పొద్దున్నే చక్రాల నట్లు బిగించి చూసుకోకుండా బండి తియ్యను. నట్టు ఎంత బిగిస్తే బండికి అంత మేలని నా నమ్మకం. కొండల్లోకి వెళ్లే వస్తువు కదా అనుకుని, పక్కనున్న స్క్రూడ్రైవర్‌తో రెండింటినీ చెరో పావు చుట్టు గట్టిగా బిగించాను. మంచి పని చేశాననుకుని, ఎవరికీ చెప్పకుండా బయటికి వచ్చాను.

ఆ సాయంత్రం మొదటి గుండు పళ్లానికి జానెడు కుడిగా ఇసుకలో పడింది. రెండోదీ అక్కడే. బ్యారెల్ చల్లారాక పేల్చిన మూడోదీ అక్కడే. సింహాచలం గారు రైఫిల్ తిరగేసి, కళ్లజోడు పైకి తోసుకుని, అడుగున చూశారు. ఆయన స్క్రూలు బిగించాక వాటి తలల మీది గీతలు రెండూ బ్యారెల్ వెంబడే నిలిచేలా చూసుకుంటారని నాకు అప్పుడు తెలియదు. ఇప్పుడా గీతలు అడ్డంగా ఉన్నాయి. నేను బిగించిన బిగువుకు చెక్క నలిగి, లోపలి ఇనుము కూర్చున్న తీరు మారిపోయింది. ఆయన తలెత్తి ఒక్క క్షణం నన్ను చూశారు. తర్వాత బాబా వైపు తిరిగి, "నేను చూసుకోవాల్సింది, బాబా. సరిచేస్తాను," అన్నారు. అంతే.

తిరుగు ప్రయాణంలో ఆయన నా పక్క సీటులో, బాబా వెనక సీటులో. ఊరి శివార్లలో మెసైమీర్ దగ్గరికి వచ్చేసరికి బాబా వెనక నుంచి, కోపంగా కాదు, జాలిగా అన్నారు: "సింహా, ఖలాస్. నీ కళ్లు పాతబడ్డాయి. ఈ ప్రయాణం అయ్యాక ఇంటికి వెళ్లి విశ్రాంతి తీసుకో."

"అలాగే, బాబా," అన్నారు సింహాచలం గారు. చేతులు ఒళ్లో పెట్టుకుని రోడ్డు చూస్తూ కూర్చున్నారు.

ముట్టుకోవద్దన్న తుపాకీని ముట్టుకున్నానంటే నన్ను మర్నాడే విమానం ఎక్కిస్తారు. చెప్పకపోతే, పాతికేళ్లకు పైగా తుపాకుల మధ్య మాట పడకుండా బతికిన మనిషి, కళ్లు పోయినవాడన్న పేరుతో ఇంటికి వెళ్తాడు. పైగా మర్నాడు శుక్రవారం, వాక్యం చెప్పే వంతు నాది. దాచుకున్న పాపం ఎముకల్ని తినేస్తుందన్న అంశం మీద మూడు పేజీలు రాసుకుని జేబులో పెట్టుకున్నాను. ఆ కాగితాలు చొక్కాలో గరగరలాడుతున్నాయి. ప్రభువా అన్నాను లోపల. ఇంకేమీ అడగలేకపోయాను. కారు పక్కకు తీసి ఆపాను.

"బాబా, సింహా మాఫీ గల్తీ. గల్తీ అనా," అన్నాను. ఆయన తప్పేం లేదు, తప్పు నాది అని. స్క్రూలు తిప్పిన సంగతి చేతులతో చూపించి మరీ చెప్పాను.

బాబా ముందుకు వంగి, "సింహా, నీకు తెలుసా?" అని అడిగారు.

"గీతలు చూడగానే తెలిసింది, బాబా."

"మరి చెప్పలేదేం?"

సింహాచలం గారు నా వైపు తిరిగి, తెలుగులో నాతో చెప్పారు: "నాను సెప్తే సాడీ అవుద్దిరా. నువ్వు సెప్తే మాట అవుద్ది. అందుకే సూసినాను. మెసైమీరు దాకా వొచ్చీసినాం, ఈడు సెప్తాడా సెప్పడా అని నాకూ గాభరా ఎక్కీసింది."

ఆ మాటలు హిందీలో బాబాకు చెప్పమన్నారు. చెప్పాను. బాబా తల ఊపి, "సింహా, పాతబడింది నీ కళ్లు కాదు, నా నోరు," అన్నారు. తర్వాత నా భుజం మీద తట్టి, "నువ్వు నెల రోజులు ఈ ఇంట్లో స్క్రూడ్రైవర్ పట్టుకోకూడదు. కారుకు కూడా! యల్లా, పోనీ," అన్నారు. సింహాచలం గారు పడీపడీ నవ్వారు. మిగిలిన దారంతా, "ఇక చక్రాలు ఊడిపోతే పాస్టరు ప్రార్థనతోనే బిగించాల," అని ఏడిపిస్తూనే ఉన్నారు.

మర్నాడు ఆ మూడు పేజీలు తీయలేదు. జరిగింది జరిగినట్టు చెప్పి కూర్చున్నాను. అంత చిన్న వాక్యం నేను అంతకు ముందు చెప్పలేదు.

శనివారం ఆయన స్క్రూలు వదులు చేసి మళ్లీ బిగించారు. ఈసారి నన్ను పక్కన నిలబెట్టుకుని, ఎంత బిగువు చాలో నా మణికట్టు పట్టుకుని చూపించారు. నెల రోజులు నేను స్క్రూడ్రైవర్ పట్టుకోకూడదు కాబట్టి, ఆయన చెయ్యే నా చేతికి పరికరం. సాయంత్రం పళ్లెం మళ్లీ మోగింది.

బాబా పదిహేను రోజుల తర్వాత కొమ్ములు లేకుండానే తిరిగి వచ్చారు. విమానాశ్రయంలోనే నవ్వుతూ చెప్పారు: కొండమేక కనిపించింది, ఎదుటి బండ మీద చాలాసేపు నిలబడింది, వెంట వచ్చిన వేటగాడు కొట్టమన్నాడు. "నాలుగు వందల గజాలు ఉంటుంది. సింహా పళ్లెం అంత దూరంలో లేదు. చూస్తూ కూర్చున్నాను. అందమైన జంతువు." ఓడిపోయి వచ్చిన మనిషి గొంతు కాదది. రైఫిల్ పెట్టె అందుకుంటూ సింహాచలం గారు చిన్నగా సెల్యూట్ చేశారు.

ఆయన మరో నాలుగేళ్లు ఆ ఇంట్లో ఉండి, తన ఇష్టప్రకారం ఊరికి వెళ్లారు. కళ్లు చివరిదాకా బాగానే ఉన్నాయి.

ఇప్పుడు నేను మా సంఘంలో పెద్దను. ఫలానా అతను ఇలా చేశాడని, ఫలానా ఆమె అలా అన్నదని నా దగ్గరికి వస్తారు. వాళ్లు చెప్పేది చాలాసార్లు నిజమే. నేను వింటాను, కాదనను. ఒక్కటే అడుగుతాను: ఆ మనిషి తనంతట తాను వచ్చి చెప్పడానికి ఆదివారం దాకా సమయం ఇద్దామా అని. కొందరు నన్ను మెత్తనివాడంటారు. ఎదురుచూడటం మెత్తని పని కాదని వాళ్లకు తెలియదు. ఆ రెండు మూడు రోజులూ నాకు సరిగా ముద్ద దిగదు. శనివారం సాయంత్రం గేటు చప్పుడైతే చదువు ఆపి వింటాను. కొన్నిసార్లు ఎవరూ రారు. కానీ వచ్చినవాళ్లు ఉన్నారు. చెప్పులు విడిచి, తల దించుకుని, "అయ్యగారూ, ఒక మాట" అని గుమ్మంలో నిలబడ్డవాళ్లు. అప్పుడు లేచి వెళ్లి కుర్చీ నేనే వేస్తాను.