చదవకుండా నొక్కిన పేజీ

మెట్ల కింది గదిలో కంప్యూటర్లు బాగుచేసే మనిషి అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. వీధంతా అతన్ని సెగ అంటారు. దగ్గరికి వెళితే తగులుతుంది మరి.

మొదట్లో రేడియోలు విప్పేవాడు. ఆ తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. పక్కన నిలబడి చూస్తూ నేర్చుకున్నాడు. ఏ ప్రోగ్రాం ఎక్కించాలన్నా "నెక్స్ట్ అని ఎక్కడుంటే అక్కడ నొక్కుకుంటూ పో" అన్నాడు నేర్పినవాడు. పద్నాలుగేళ్లుగా నొక్కుకుంటూ పోతున్నాడు.

అతనికి అన్నిటికీ కోపం రాదు. తీగ తెగినా, బ్యాటరీ ఉబ్బినా రాదు. వస్తువన్నాక పాడవుతుంది. కానీ ఎవరైనా వచ్చి "బ్రౌజరు తెరిస్తే ఏదో పిచ్చి పేజీ వస్తోందండీ" అన్నారా, ఇక అయిపోయినట్టే. బ్రౌజరు నెత్తిన అడగని టూల్‌బార్లు మూడు వరసలు. ఏది వెతికినా ఇంకెక్కడికో ఈడ్చుకుపోయే పేజీ. అవి చూడగానే సెగకు అరికాలి మంట నెత్తికెక్కేది.

"ఉచితం అని కనబడితే చాలు, నొక్కేయడమే! ఎవరో తలుపు కొడితే ఎవరని అడక్కుండానే తీసేస్తారా?"

పోయిన వారం వీధి చివరి టైలరు ముసలాయన్ని కోడలి ముందే కడిగేశాడు. "నేనేం నొక్కలేదు నాయనా" అని ఆయన రెండుసార్లు అన్నాడు. మూడోసారి అనలేదు. ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

"మన షాపులో ఉచితంగా దొరికేవి తిట్లొక్కటే," అంది పక్క బల్ల దగ్గర జిరాక్సు తీసే భార్య.

ఇవాళ రెండున్నరకు చేతికర్రతో ఒకామె వచ్చింది. ఆమెకు చూపు లేదు. డాక్టర్లు మాట్లాడి రికార్డు చేసినవి విని, రిపోర్టులుగా టైపు చేసి పంపడం ఆమె పని. తెర మీద ఉన్నదాన్ని ల్యాప్‌టాప్‌లోని గొంతు చదివి వినిపిస్తుంది. ఆ గొంతు పట్టుకునే పనంతా చేసుకుంటుంది.

"తమ్ముడూ, నాలుగింటికల్లా రిపోర్టు పంపాలి. ఈ వారంలో ఇప్పటికే రెండుసార్లు ఆలస్యమైంది. ఇవాళ కూడా అయితే ఇక పని ఇవ్వమన్నారు."

ల్యాప్‌టాప్ తెరిచింది. గొంతు అందుకుంది.

"అభినందనలు. మీరు గెలిచారు. చెప్పులు సగం ధరకే. ఇక్కడ నొక్కండి. ఇక్కడ నొక్కండి."

పదకొండు లింకులు దాటితే గాని ఆమె మెయిలు రాలేదు. అందాకా వచ్చేసరికి దానంతటదే చెప్పుల పేజీ తెరుచుకుంది. మళ్లీ మొదటి నుంచి అభినందనలు.

కళ్లున్నవాళ్లయితే ఆ వరసలను చూడనట్టు వదిలేస్తారు. ఆమె ఆ వాగుడంతా విని రావాలి. ప్రతిసారీ. సెగకు ఒళ్లు మండింది.

"ఎక్కడ నొక్కారక్కా దీన్ని?"

"నేను నొక్కే ముందు అది ప్రతి ముక్కా చదివి చెబుతుంది తమ్ముడూ. విననిది నేను నొక్కను."

"అందరూ అదే మాట!"

"అందరూ అదే అంటుంటే ఒక్కసారైనా నమ్మొచ్చు కదండీ," అంది భార్య, కాగితాలు సర్దుతూ.

అతను పళ్లు కొరుకుతూ ప్రోగ్రాముల జాబితా తెరిచాడు. టూల్‌బారు దొరికింది. తీయబోతే "ఉంచుకోండి" అని అరచేతంత పచ్చ బటన్ అడ్డొచ్చింది. "తీసేయి" అన్నది ఓ మూల, బూడిద రంగులో, చీమ తలంత. దాన్నే నొక్కాడు. హోం పేజీ మార్చాడు. బ్రౌజరు ఐకాను లోపల చూస్తే, చివర ఒక దొంగ చిరునామా తోకలా అతికించి ఉంది. కత్తిరించాడు. మెషీను ఆపి మళ్లీ వేశాడు.

"అభినందనలు. మీరు గెలిచారు."

"వాడే గెలిచినట్టున్నాడు," అంది ఆమె.

లోపల ఇంకేదో దాక్కుని దీన్ని మళ్లీ తెచ్చి పెడుతోంది. జాబితాను తేదీల వారీగా పేర్చాడు. టూల్‌బారు ఎక్కిన నిమిషంలోనే ఇంకో రెండు ఎక్కాయి. ఒకటి, 'సహాయకుడు' అని పెద్దమనిషి పేరు పెట్టుకున్న ప్రోగ్రాం. రెండోది, ఆమె రికార్డింగులు వినే ప్లేయరు. ఆ తేదీ ఎక్కడో చూసినట్టుంది. ల్యాప్‌టాప్ తిరగేశాడు. అడుగున తెల్ల స్టిక్కరు, బాగుచేసిన ప్రతి మెషీనుకూ అతను అతికించేదే. దాని మీద అదే తేదీ. తన చేతిరాత.

"ప్లేయరు ఎక్కిన రోజే ఇదీ ఎక్కింది," అని గొణిగాడు. ఆమె అంది. "ప్లేయరు వేసింది నువ్వే కదా. ఆ రోజు విన్నాను. టక్, టక్, టక్, టక్, టక్. మధ్యలో ఒక్కసారీ ఆగలేదు. ఎంత తొందరగా చదివేస్తున్నాడో, కళ్లుంటే ఇంత హాయా అనుకున్నాను."

జిరాక్సు మెషీను ఆగింది.

సెగ తన పెన్‌డ్రైవును షాపు కంప్యూటరుకు గుచ్చి, ఆ ప్లేయరును ఎక్కించే ఫైలు తెరిచాడు. రెండో పేజీ. సన్నటి అక్షరాలు. కింద మూడు గళ్లు, మూడింట్లోనూ ముందే పెట్టి ఉన్న టిక్కులు. నాలుగు నెలలుగా వాడుతున్నది ఈ ఫైలే. ఆ పేజీ మీద అతని వేలు ఏనాడూ ఒక్క క్షణం నిలవలేదు. టైలరుకు పాటలు వినడానికి వేసిచ్చిందీ ఇదే.

ఇన్నేళ్లూ అతని కోపానికి ఎదురుగా ఎవరో ఒకరు ఉండేవారు. ఇప్పుడు ఎవరూ లేరు. పెన్‌డ్రైవు పీకి విసిరాడు. అది గోడకు తగిలి ఆమె కర్ర దగ్గర పడింది.

"ఏంటది?"

"నా తెలివి."

"దాన్ని తర్వాత తిట్టుకుందువుగాని. టైమెంత?"

"మూడున్నర."

సహాయకుణ్ణి పీకేశాడు. ప్లేయరునూ తీసేశాడు. ఐకాను తోక మళ్లీ కత్తిరించాడు. ఈసారి గొంతు నేరుగా మెయిలు చదివింది. కానీ రిపోర్టులో టైపు చేయాల్సి మిగిలిన రెండు నిమిషాల రికార్డింగు వినాలంటే ప్లేయరు కావాలి. తయారుచేసినవాళ్ల సైటు నుంచే దించాడు. టక్.

"ఆగు," అంది ఆమె. "పైకి చదువు."

"టైం లేదక్కా!"

"పోతే పోయేది నా పని. చదువు."

చదివాడు. మొదటి పేజీలో ఏమీ లేదు. రెండో పేజీలో అతని గొంతు లేచింది. "'మీ సౌకర్యం కోసం మీ వెతుకులాట పేజీని మార్చడానికి అంగీకరిస్తున్నారు.' ఎవడ్రా అంగీకరించింది? ఎవర్నడిగి పెట్టావురా టిక్కు?"

"తీశావా?"

"తీశా."

"ఇంకా ఉన్నాయా?"

"ఇంకో రెండున్నాయి. దొంగవెధవలు. ఇవీ తీశా."

అయిదో పేజీ దాకా ఒక్క అక్షరం వదలకుండా చదివాడు. ఆమె చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. వేళ్లు పరుగెత్తాయి. నాలుగింటికి ఇంకా అయిదు నిమిషాలు ఉందనగా ఇయర్‌ఫోన్ల తీగ పీకి, ఆ చివరి మాట వాళ్లకూ వినిపించింది.

"మెయిలు పంపబడింది."

ఆమె కర్ర అందుకుని, కాలికి తగిలిన పెన్‌డ్రైవు తీసి బల్ల మీద పెట్టింది. "ఇది ఇంకెవరి కాలికీ తగలకుండా చూడు తమ్ముడూ," అని వెళ్లిపోయింది.

సెగ సుత్తి తీసి పెన్‌డ్రైవును రెండు దెబ్బలకు నుజ్జు చేశాడు. ఫోను తీశాడు.

"నేను, మెట్ల కింది షాపు నుంచి."

అవతల టైలరు ముసలాయన గబగబా అందుకున్నాడు. "నేనేం నొక్కలేదు నాయనా."

"తెలుసు! మీరేం నొక్కలేదు! నొక్కింది నేను! ఎక్కడికీ కదలకండి, నేనే వస్తున్నా!"

"కాస్త మెల్లగా చెప్పండి," అంది భార్య. "కొట్టడానికి వస్తున్నారనుకుని ఆయన తలుపేసుకుంటాడు."