ఢిల్లీలో మామిడి ముక్కలు

ఇవాళ స్టాఫ్ రూములో తోటి టీచరు ఒకావిడ ఢిల్లీకి టికెట్లు చూస్తూ, విశాఖపట్నం నుంచి ఎంత దూరమో ఫోన్‌లో చదివి వినిపించింది. గాలిలో పదమూడు వందల కిలోమీటర్ల పైమాటేనట, విమానం రెండు గంటల పైచిలుకులో దిగిపోతుందట. చాలా దూరమేనని ఆవిడ నిట్టూరిస్తే నాకు నవ్వొచ్చింది. ఢిల్లీ దూరమో దగ్గరో మా మేనత్త ఏనాడో తేల్చేసింది మరి.

అత్తది అరకు దాటాక కొండవాలు మీద ఊరు. మిరియాల తీగలు పాకిన చెట్ల కింద చిన్న కాఫీ తోట ఉంది. కొన్నేళ్ల కిందట ఢిల్లీలో కాఫీ ప్రదర్శన పెట్టి రైతులను పిలిస్తే, సంఘం వాళ్లు ఆవిడ పేరు రాశారు. హిందీ వచ్చునన్న నెపంతో నన్ను తోడుగా తగిలించారు. నా హిందీ సంగతి దేవుడికే ఎరుక. ఆ చలికాలమంతా మామ జ్వరాలతో మంచం పట్టి, అప్పుడప్పుడే లేచి తిరుగుతున్నాడు. ఆయన్ని వదిలి రానని అత్త మొండికేస్తే మామే బతిమాలి పంపించాడు. ఘాట్ రోడ్డు మలుపులన్నీ తిరిగి విశాఖ చేరేసరికి బస్సులో నాలుగు గంటలు పట్టింది, దారి పొడవునా ఆవిడకు వాంతులే. విమానంలో మాత్రం హాయిగా నిద్రపోయింది. దిగుదామని లేపితే నమ్మలేనట్టు చూసింది.

ఆ సాయంత్రం ప్రదర్శన పెట్టినవాళ్లలో ఒకావిడ మమ్మల్ని ఇంటికి భోజనానికి పిలిచి, పళ్లెం నిండా మామిడి ముక్కలు పెట్టింది. గదంతా ఆ వాసనే. అత్త చేతులు ఒళ్లోంచి తీయలేదు. మా వైపు మామిడి కొత్త అయ్యేదాకా, అంటే కొత్త కాయ ఊరి దేవతకు పెట్టి అందరూ కలిసి తినేదాకా, ఎవరూ మామిడి ముట్టరు. ముందే తింటే ఇంటికి కీడని అత్త నమ్మకం. అక్కడ ఇంటావిడ ముఖం చిన్నబోతోంది. ఇంత దూరం వచ్చాం, మన దేవత ఇక్కడిదాకా చూడదులే అని అత్త చెవిలో నచ్చజెప్పబోయాను.

"ఏటి దూరం గుంటా? ఇశాపట్నం కంటే బేగి వొచ్చేసినాం. నాను ఇక్కడ తింతే అక్కడ మీ మావకి ఏటైనా అయితే?"

జుట్టు నెరిసినా నేను ఆవిడకు గుంటనే, చిన్నపిల్లనే. ఆవిడ కళ్లలో నీళ్లు చూసి నచ్చజెప్పడం మానేశాను. వచ్చీరాని హిందీలో సంగతి చెప్పాను. ఆ ఇల్లాలు మంచిది, పళ్లెం లోపల పెట్టేసి అరటిపళ్లు తెచ్చింది. ఆ పూట తనూ మామిడి తినలేదు.

మేం తిరిగి వచ్చేలోగానే ఊళ్లో కొత్త పండుగ అయిపోయింది. ఇల్లు చేరగానే అత్త చెప్పులైనా విప్పకుండా మామ మెడ మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదని తెలిశాక గానీ కూర్చోలేదు. మామ లోపలికి వెళ్లి ఆకు డొప్పలో దాచిన మామిడికాయ తెచ్చాడు. ఊరంతా తిన్నా ఆయన తినలేదట. ఎందుకు తినలేదని అత్త కోప్పడింది.

"నువ్వక్కడ తినకుండా ఉంతావని నాకు తెల్దేటి?" అన్నాడు మామ.

ఇద్దరూ అరుగు మీద కూర్చుని ఆ పుల్లటి ముక్కలు నములుతూ ముఖాలు చిట్లించి నవ్వుకున్నారు. నా కళ్లే చెమర్చాయి. మామ పోయి మూడేళ్లవుతోంది. అత్త ఇప్పటికీ కొత్త రోజున ఇంట్లో అందరూ తిన్నాక కాసేపు ఊరకే కూర్చుని, అప్పుడు తన ముక్క అందుకుంటుంది. కాలం మనిషిని తీసుకుపోయింది గానీ, ఆ మనిషి కోసం ఆగే అలవాటును మాత్రం ఆవిడ దగ్గరే వదిలేసింది.